అంతా గ్రాండే!

పోయినవారం కృపారావు కుటుంబాన్ని కోడికూర ముందు, ముద్ద నోట్లో ఉండగానే వదిలేసి వచ్చాం. ఆ ముద్ద ఇంకా దిగలేదు. దిగకపోవడానికి కారణం కూరలో కారం కాదు, కూతురి మాటలో కారం.

సంగతి మరిచినవారికీ, మధ్యలో బస్సెక్కినవారికీ నాలుగు ముక్కలు. కృపారావు తెనాలిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాడు. భార్య ప్రిస్కిల్లాకు కాజిల్‌బార్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట ఐర్లండు వచ్చి, వృద్ధుల నర్సింగ్ హోములో కేరర్‌గా చేస్తున్నాడు. ఇది మేయో కౌంటీ. గొర్రెలు ఇంతగా మేయును కాబట్టే మేయో అన్నారని ఆయన సిద్ధాంతం. తెనాలిలో బోర్డు మీద రాసేవాడు, ఇక్కడ బోర్డు మీద కూర్చున్నాడు. అంటే కూతురు అబిగేయిల్ చదివే బడిని నడిపించడానికి ఒక బోర్డు ఉంది. అందులో తల్లిదండ్రుల తరఫు మనిషిగా ఈయన్ని ఎన్నుకున్నారు.

ఆ బడిని పెట్టింది లాంతర్ అనే సంస్థ. జీతాలు సర్కారువి, పేరు లాంతరుది, కనిపెట్టుకుని ఉండే పని బోర్డుది. ‘మా బడుల్ని మేం నమ్ముతాం, ఊరికే వేలు పెట్టం’ అని లాంతరువాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. దీపం కింద చీకటి ఉంటుందని మనకు తెలుసు. లాంతరు కింద ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఈ ఏడే ఆ బడి నుంచి మొదటి జట్టు ‘లీవింగ్ సర్ట్’ అనే ఆఖరి పరీక్షకు వెళ్తోంది. అందులో అబిగేయిల్ ఒకతి.

జూమ్‌లో బోర్డు సమావేశమైనప్పుడల్లా కృపారావు ఒకే ప్రశ్న వేసేవాడు: లెక్కల్లో పిల్లలు ఎలా ఉన్నారు? ప్రిన్సిపాల్ డెక్లన్ ఒకే జవాబు ఇచ్చేవాడు: “ఆ, దే ఆర్ గ్రాండ్, క్రిపా!” కృపారావు పొంగిపోయి తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు: ‘మన పిల్లలు లెక్కల్లో గ్రాండుగా వెలిగిపోతున్నారు. దేవునికి స్తోత్రం.’ కింద వరసగా దండాలు, చప్పట్లు.

పోయినవారం చివర్లో అబిగేయిల్ కంచం పక్కకు నెట్టి అన్న మాట ఒక్కటే: “డాడీ, గ్రాండ్ అంటే గ్రాండ్ కాదు.”

ముద్ద దిగింది.

“గ్రాండ్ అంటే గ్రాండ్ కాకపోతే గ్రైండరా?” అన్నాడు కృపారావు.

“ఇట్స్ జస్ట్... ఫైన్. నాట్ గుడ్, నాట్ బ్యాడ్. లీవ్ ఇట్, లైక్.”

“తెలుగులో ఏడువవే.”

ప్రిస్కిల్లా ప్రెస్ తలుపు తెరిచి ఆవకాయ జాడీ తీస్తోంది. ఈ దేశంలో వంటింటి అల్మారాను ప్రెస్ అంటారు. ఈ ఇంట్లో ముఖ్యమైన వార్తలన్నీ దాని ముందు నిలబడే వెలువడతాయి కాబట్టి సరైన పేరే.

“పర్లేదు, అని అర్థం అండీ,” అంది ఆమె. “మనోళ్ళు కాలు విరిగినా పర్లేదు, ఇల్లు కూలినా పర్లేదు అంటారు చూడండి. అదీ.”

“అంటే డెక్లన్ ఇన్నాళ్ళూ నాతో అన్నది...”

“ఇక అడక్కు బాబూ, అని.”

అబిగేయిల్‌కు జాలి కలిగింది. పదిహేడేళ్ళ పిల్లకు తండ్రి మీద జాలి కలిగితే వెంటనే పాఠం చెప్పాలనిపిస్తుంది. “లుక్, డాడీ. మిసెస్ గాలహర్ టీ తాగుతావా అంటే నువ్వేమంటావు?”

“మర్యాదగా ‘ఐయామ్ గ్రాండ్’ అంటాను. నేను బ్రహ్మాండంగా ఉన్నాను, టీ కూడా ఇస్తే ఇంకా బ్రహ్మాండంగా ఉంటాను, అని.”

“దట్ మీన్స్ నో! ‘ఐయామ్ గ్రాండ్’ అంటే వద్దు. ఉట్టి ‘గ్రాండ్’ అంటే సరే. అందుకే ఆవిడ నీకు ఎప్పుడూ టీ ఇవ్వదు.”

పక్కింటి గాలహర్ ముసలమ్మ గారి పిసినారితనం మీద కృపారావు ఇంతకాలం చెప్పిన ప్రసంగాలన్నీ ఒక్కసారిగా ఆయన మీదే వచ్చి పడ్డాయి. ఒక్క ‘ఐయామ్’ తేడాతో అన్ని టీలు ఆవిరైపోయాయి.

“మా వార్డులో కూడా అంతేనండీ,” అంది ప్రిస్కిల్లా. మాస్కు ఒత్తిన గీతలు ఆమె చెంపల మీద ఇంకా పోలేదు. “పేషెంటు గ్రాండ్ అంటే చాలు, నేను వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతాను. వాళ్ళు అబద్ధమాడతారని కాదు. పాపం, నన్ను కష్టపెట్టకూడదని అలా అంటారు.”

“అయితే మన పిల్లలకు క్లిప్పు పెడితే ఎంత చూపిస్తుందే?” అని కూతురి వైపు తిరిగాడు. “మీ లెక్కల సారు ఏమంటున్నాడు?”

“వాట్ సార్? హాలోవీన్‌కి అక్టోబర్లోనే వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరూ రాలేదు.”

“ఎవరూ రాలేదా! రిపోర్టులో ప్రతిసారీ ‘లెక్కల క్లాసులన్నీ ఫుల్లీ సూపర్‌వైజ్డ్’ అని ఉంటేనూ! అది విని నేను చప్పట్లు కూడా కొట్టానే!”

“సూపర్‌వైజ్డ్ అంటే ఎవరో ఒకరు రూములో కూర్చుంటారు. దట్స్ ఇట్. పీఈ సార్ కూర్చునేవాడు, ఫోన్‌లో హర్లింగ్ మ్యాచ్ చూసుకుంటూ. ఇప్పుడు ఆన్‌లైన్ కాబట్టి అదీ లేదు. అందరం కెమెరా ఆఫ్.”

ఎంత సూపర్! ఎంత వైజు! కృపారావు లేచి కిటికీ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. కరోనా అని అయిదు కిలోమీటర్లు దాటి ఎవరూ పోకూడదని సర్కారు గీత గీసినప్పటి నుంచి ఆయన నడకంతా వంటింట్లోనే సాగుతోంది. లినోలియం నేల మీద బాట పడింది.

“రోజూ అడిగాను కదే నిన్ను! లెక్కలెలా ఉన్నాయమ్మా అని?”

“చెప్పాను కదా. గ్రాండ్ అన్నాను.”

ఎవరూ నవ్వలేదు.

“నిజం చెప్తే నువ్వు నాకు మ్యాథ్స్ చెప్తావు,” అంది చిన్నగా. “చెప్పేటప్పుడు అరుస్తావు.”

“నేనెప్పుడరిచానే!” అని అరిచాడు కృపారావు.

అబిగేయిల్ కళ్ళు తుడుచుకుంది. సర్కారువారు ఈ ఏడు పిల్లలకు వెసులుబాటు ఇచ్చారు. పరీక్ష రాయొచ్చు, లేదా బడి అంచనా వేసి ఇచ్చే మార్కు తీసుకోవచ్చు, లేదా రెండూ చేసి ఏది ఎక్కువైతే అది పుచ్చుకోవచ్చు. అంచనా మార్కు బాగానే వేస్తారని అందరికీ తెలుసు. “కానీ నాకు గాల్వేలో ఇంజనీరింగ్ కావాలి డాడీ. అక్కడికి వెళ్ళాక ఫస్ట్ వీక్‌లోనే దొరికిపోతాను. ఐ డోంట్ నో ఎనీథింగ్. నాకే కాదు, ఎవరికీ ఏమీ రాదు.”

ఇంట్లో అందరూ ముద్దుగా పిలిచే పేరు అబ్బీ. అబ్బీకి లెక్కలు అబ్బలేదు. కారణం అబ్బీ కాదు, అబ్బ కూడా కాదు. చూడవలసినవాళ్ళు చూడలేదు. ఆ చూడవలసినవాళ్ళలో అబ్బ ఒకడు.

“రేపు సాయంత్రం మీటింగుంది,” అన్నాడు. “అడుగుతాను.”

“ఎప్పుడూ అడుగుతూనే ఉన్నారుగా,” అంది ప్రిస్కిల్లా, జాడీ మూత బిగిస్తూ. “ఈసారి జవాబు కూడా వినండి.”

మర్నాడు నర్సింగ్ హోము నుంచి నేరుగా ఇంటికి వెళ్ళలేక కృపారావు లాఫ్ లన్నా సరస్సు చుట్టూ నడుస్తున్నాడు. హంసలు కూడా రెండేసి మీటర్లు ఎడం పాటిస్తున్నట్టు ఈదుతున్నాయి. సర్కారు మాట అవి వింటున్నాయో, ఒకదాని మొహం ఒకటి చూడలేకపోతున్నాయో తెలియదు.

“అన్నా! ఆగన్నా, నీతోని మాట్లాడాలె.”

సత్యవాణి. కరీంనగర్ మనిషి. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని కంపెనీ పని ఇంట్లోంచే చేస్తోంది. కొడుకు నిఖిల్ కూడా అబిగేయిల్ క్లాసే.

“ఇయ్యాల మీటింగుల లెక్కల సారు లేడని అడుగుతవట గదా? అబ్బీ మా నిఖిల్‌కు చెప్పిందట.”

“అవునమ్మా. గట్టిగా అడుగుతాను. నువ్వేం భయపడకు.”

“అడగకన్నా.”

కృపారావు మాస్కు కిందికి లాగాడు, ఆవిడ మాట దానికి అడ్డుపడి వేరేగా వినిపించిందేమోనన్నట్టు.

“నీకు ముందే తెలుసా, సారు లేడని?”

“క్రిస్మస్ కాడ తెల్సింది.”

“మరి నేను గ్రూపులో గ్రాండ్ అని పెడితే దండం బొమ్మ పెట్టావే!”

“అందరు పెట్టిన్రు గదన్నా! నేనొక్కదాన్నే పెట్టకుంటె బాగుంటదా?”

దండాల సంగతి అంతటితో తేలిపోయింది. సత్యవాణి దగ్గరికి రాబోయి, రెండు మీటర్లు గుర్తొచ్చి ఆగింది. “జూడు. ప్రిన్సిపాల్ మంచోడు. మార్కులు మంచిగనే ఏస్తడు. నువ్వు గెలికినవనుకో, కిగిరె వస్తడు.”

ఇక్కడి బడుల ఇన్‌స్పెక్టరును ఐరిష్ భాషలో కిగిరె అంటారు. కిగిరె వస్తున్నాడంటే టీచర్లు కిక్కురుమనరు. ఈ బడికి రావలసిన కిగిరె కరోనా వల్ల రాలేదు.

“వచ్చి, ఈ మార్కులు దేన్ని జూసి ఏసిన్రు అంటె ఏం జూపిస్తరు? ఉన్న మార్కు ఊడ్చుకపోతది. నీ బిడ్డకు ఇంట్లనే లెక్కల సారున్నడు. నా కొడుక్కు ఎవరున్నరన్నా? నువ్వు అడిగి గొప్పోనివయితవు, మావోడు సీటు లేక ఇంట్ల కూసుంటడు.”

కృపారావు మాస్కు మళ్ళీ పైకి లాక్కున్నాడు. తెనాలిలో ఉన్న రోజుల్లో పరీక్షలప్పుడు ఆయన్ని ఫ్లయింగ్ స్క్వాడ్‌లో వేసేవారు. జీపు గేటు దగ్గర కనబడగానే కిటికీల్లోంచి చీటీల వాన కురిసేది. ఆ వానలో తడిసిన పిల్లలు కొందరు మంచి మార్కులతో ఇంజనీరింగులో చేరి, మొదటి ఏడే తిరిగొచ్చి ఆయన ఇంటి ముందు నిలబడ్డారు. “సార్, మొదట్నుంచీ చెప్తారా?” అని అడిగారు. ఆ స్క్వాడ్ మనిషి ఇప్పుడు జూమ్‌లో ఒక స్క్వేర్ అయిపోయాడు.

“నిఖిల్‌కి లెక్కలు వచ్చా అమ్మా?” అని మాత్రం అడిగాడు.

సత్యవాణి హంసల వైపు చూసింది. “ఏమో. గ్రాండ్ అంటడు,” అంది.

సాయంత్రం ఇంకా వెలుతురుండగానే సమావేశం మొదలైంది. ప్రిస్కిల్లా డ్యూటీకి వెళ్ళింది. అబిగేయిల్ మెట్ల మీద, తండ్రికి కనబడకుండా, అదే సమావేశాన్ని తన ఫోన్లోనూ తెరిచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. లాప్‌టాప్ ఆమెదే. మౌసు పనిచేయదు. మాట్లాడాలంటే స్పేస్ బార్ నొక్కి పట్టుకోవాలి, వదిలితే మ్యూట్. కృపారావుకు నోరు ముందు, వేలు వెనక. అందుకని ఆయన మొదటి మాట ఎప్పుడూ ఆయనకే మిగిలిపోయేది. ‘గుడ్ ఈవినింగ్’ బోర్డువాళ్ళకు ‘ఈవినింగ్’గానే తెలుసు.

అధ్యక్షురాలు మిసెస్ గెరటీ కళ్ళద్దాలు సవరించుకుంది. “ప్రిన్సిపాల్ రిపోర్టును చదివినట్టే తీసుకుందామా?”

చదవకుండానే చదివినట్టు తీసుకోవడం ఇక్కడి సభామర్యాద. తెనాలి ఇంటర్ పిల్లలు వింటే ఈ దేశానికే వలస వచ్చేసేవారు. గడుల్లో తలలన్నీ ఊగాయి.

“...మించండి,” అన్నాడు కృపారావు. “లెక్కల్లో పిల్లలు ఎలా ఉన్నారు?”

డెక్లన్ అలవాటుగా నవ్వాడు. “గ్రాండ్, క్రిపా.”

“...మాట లేకుండా చెప్పగలరా?”

“ఏ మాట?”

“గ్రాండ్ అనే మాట.”

తెర మొత్తం బిగుసుకుపోయింది. ఎవరి నెట్టూ పోలేదు, నోళ్ళే పోయాయి.

“క్లాసులన్నీ ఫుల్లీ సూపర్‌వైజ్డ్,” అన్నాడు డెక్లన్.

“అది కూడా వద్దండీ. పాఠం ఎవరు చెప్తున్నారు? పేరు చెప్పండి.”

మిసెస్ గెరటీ గొంతు సవరించుకుంది. “క్రిపా, అది రోజువారీ నిర్వహణ. బోర్డు అందులో...”

“లేదు, చెప్పనివ్వండి,” అన్నాడు డెక్లన్. ఒక్కసారిగా అతని మొహం కెమెరాకు దగ్గరైంది. గడ్డం గీసుకుని చాలా రోజులైనట్టుంది. “ఎవరూ చెప్పడం లేదు. హాలోవీన్ నుంచి ప్రకటనలు వేస్తూనే ఉన్నాను. ఒక్క దరఖాస్తు రాలేదు. ఈ రోగంలో ఇంత పడమటికి ఎవరొస్తారు? లాంతరుకు ఫోన్ చేశాను. ‘డెక్లన్, నీ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది’ అన్నారు. నమ్మకమట! నన్ను ఒంటరిగా వదిలేయడానికి అదో అందమైన పేరు.”

“...కు చెప్పి ఉండొచ్చు కదా!”

“నీకా? ప్రతిసారీ అడిగింది నువ్వొక్కడివే, క్రిపా. గ్రాండ్ అనగానే ఎంత సంతోషపడేవాడివో! నీ మొహం చూశాక మిగతాది చెప్పాలనిపించేది కాదు.”

మెట్ల మీద ఏదో కదిలిన చప్పుడైంది. కృపారావు స్పేస్ బార్‌ను ఈసారి ముందుగానే, గట్టిగా నొక్కాడు.

“సోమవారం మా పిల్లలు మళ్ళీ బడికొస్తున్నారు. ఖాళీ కుర్చీ ముందు కూర్చోవడానికైతే రానక్కర్లేదు. కిగిరెకు మనమే కబురు పెడదాం. మా బడిలో లెక్కల టీచరు లేడు, వచ్చి చూడండి, ఎవరినైనా పంపండి అని బోర్డు తరఫున అడుగుదాం. మార్కులు తగ్గితే తగ్గుతాయి. నా కూతురివి కూడా అందులోనే ఉన్నాయి.”

“ఈ ప్రతిపాదనను ఎవరైనా బలపరుస్తారా?” అంది మిసెస్ గెరటీ, ఎవరూ బలపరచకపోతే బాగుండునన్న గొంతుతో.

గడుల్లో ఒకాయన పిల్లిని ఎత్తుకున్నాడు. ఒకావిడ తన కప్పులోకి చూసుకుంది.

అప్పుడు డెక్లన్ అన్నాడు. “క్రిపా, నువ్వు మీ దేశంలో లెక్కలే చెప్పేవాడివి కదూ?”

“...వును.”

“మరింకేం! టీచరు దొరకనప్పుడు కొంతకాలానికి బయటివాళ్ళను తీసుకునే వీలుంది. సోమవారం నుంచి నువ్వు రా. బడిలో పనిచేసేవాళ్ళు తల్లిదండ్రుల తరఫున బోర్డులో ఉండకూడదు కాబట్టి ఇక్కడి నుంచి తప్పుకోవాలి, అంతే. టీచరు వచ్చాక కిగిరెతో పనేముంది, నీ ప్రతిపాదన దానంతటదే పోతుంది. సొంత కూతురికి నువ్వు మార్కు వేయకూడదు. ఫర్లేదు. అబిగేయిల్ మార్కు సంగతి నేను చూసుకుంటాను.”

చెడ్డవాడు అన్న మాట కాదు అది. అలసిపోయినవాడు అన్న మాట. కానీ ‘చూసుకుంటాను’ అనే మాటకు తెలుగులోలాగే ఇంగ్లీషులోనూ రెండు మొహాలున్నాయని కృపారావుకు ఆ క్షణంలో తెలిసింది.

అయినా చేయి ఊరుకోదు కదా. ముసలివాళ్ళను పక్కమీద అటూ ఇటూ తిప్పి తిప్పి కాయలు కాచిన ఆ కుడిచేయి, గాలిలో చాక్‌పీసు పట్టుకున్నట్టు మూడు వేళ్ళు దగ్గరికి చేర్చింది. సోమవారం, ఒక గది, ఒక బోర్డు, ముందు వరసలో సత్యవాణి కొడుకు. ‘సార్, మొదట్నుంచీ చెప్తారా?’ అని వాడి గొంతు అప్పుడే వినబడినట్టయింది.

గొంతులో సరే అనే మాట కదిలింది.

కదిలి ఆగింది. తను లోపలికి వెళ్తే ఈ గడి ఖాళీ. పాఠం తనే చెప్పి, అంచనా మార్కులు తనే వేస్తే, బాగా చెప్పాడా లేదా అని అడగడానికి ఎవరూ ఉండరు. లాంతరు నమ్ముతుంది. డెక్లన్ చూసుకుంటాడు. బోర్డు చదివినట్టే తీసుకుంటుంది. రేపెవరైనా తననే అడిగితే తను మాత్రం ఏమంటాడు? ఆ మాటే అంటాడు!

టీచరుగా వస్తే బాగానే ఉంటుంది. కిగిరె వచ్చి, చూసి, రమ్మంటే వస్తాడు. ఇలా, నోరు మూయడానికి వేసిన మూతలాగా మాత్రం రాడు.

పదిమందిలో ఒక మనిషిని నొప్పించకుండా కాదనడం ఎలాగో నిన్న రాత్రి కోడికూర ముందే నేర్చుకున్నాడు. కొత్తగా నేర్చిన విద్య. ఈ ఊరి మాటతోనే, ఈ ఊరి మర్యాదతోనే చెప్పాలనుకున్నాడు. చిరునవ్వు నవ్వాడు. “ఐయామ్ గ్రాండ్” అన్నాడు.

నోరు ముందు, వేలు వెనక.

“గ్రాండ్,” అని వినబడింది బోర్డుకు.

డెక్లన్ మొహం విచ్చుకుంది. “గ్రాండ్ సో! దేవుడు నిన్ను చల్లగా చూడాలి, క్రిపా!” గడుల్లో చప్పట్ల బొమ్మలు ఎగిరాయి. పిల్లినెత్తుకున్నాయన దాని చేతులతో కూడా చప్పట్లు కొట్టించాడు. మిసెస్ గెరటీ గబగబా చెప్పుకుపోతోంది: “క్రిపా తప్పుకున్నట్టు రాసుకోండి. ప్రతిపాదన లేనట్టే. అందరికీ సెలవు.”

“నో నో! ఐయామ్! ఐయామ్!” కృపారావు స్పేస్ బార్‌ను పియానోలా వాయించేస్తున్నాడు. నొక్కినప్పుడు ఊపిరి, వదిలినప్పుడు మాట. గడులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి తెర మీద తన మొహమే మిగిలింది, తర్వాత అదీ పోయింది.

ఫోను టింగుమంది. బడి నుంచి తల్లిదండ్రులందరికీ సందేశం: సోమవారం నుంచి లెక్కలకు కొత్త ఉపాధ్యాయుడిగా మిస్టర్ కృపారావు వస్తున్నారని తెలపడానికి సంతోషిస్తున్నాం. ఆ వెంటనే తెలుగు గ్రూపు మోగడం మొదలెట్టింది. మొట్టమొదటి దండం సత్యవాణిది. దాని కింద చప్పట్లు, పూలగుత్తులు, ‘గ్రాండ్ న్యూస్ అన్నా!’

అబిగేయిల్ మెట్లు దిగి వచ్చింది.

“డాడీ, ఏమన్నావు వాళ్ళతో?”

“ఐయామ్ గ్రాండ్ అన్నానమ్మా. నువ్వు చెప్పినట్టే.”

“నో. నువ్వు ‘గ్రాండ్’ అన్నావు. ఐ హర్డ్ ఇట్ ఆన్ మై ఫోన్. నిఖిల్ వాళ్ళమ్మ అప్పుడే నాకు కంగ్రాట్స్ పెట్టింది.” తండ్రి పక్కన కుర్చీలో కూలబడింది. కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది: “మరి ఇప్పుడు ఎవరు అడుగుతారు, డాడీ?”

కృపారావు వేలు స్పేస్ బార్ మీద ఇంకా గట్టిగా నొక్కే ఉంది. మాట్లాడడానికి అంతా సిద్ధం. వినడానికి అవతల ఎవరూ లేరు.